సన్యాసమ్మ బొంత

మంచు కిటికీ అద్దాల మీదినుంచి దిగిపోయేవరకూ నిద్రింట్లో దీపాలు వేసేవాళ్ళం కాదు. వెయ్యకూడదని నియమమేమీ లేదు. ఊడ్చే చిలకమ్మ ఒప్పుకునేది కాదు. "తొంగున్నోల మొకం మీద దీపమేటి బాబూ, తప్పు" అనేది. చీపురు కూడా నేలకు ఆనీ ఆననట్టు తిప్పేది. నేను మెత్తటి చెప్పులు వేసుకుని పెట్టెల వరసల మధ్య నడిచేవాణ్ణి. ప్రతి పెట్టె మూతకీ అరచేయంత అద్దం. అద్దం అవతల ఒక ముఖం. ముక్కు తోకలో దూర్చుకున్న పిల్లి. నాలుక కొస బయటపెట్టి మరిచిపోయిన కుక్క. చెవులు వీపుకి ఆనించుకున్న కుందేలు.

పెట్టె పక్కన ఒక ఆకుపచ్చ చుక్క ఉండేది. లోపల గుండె కొట్టుకున్నప్పుడల్లా అది ఒకసారి వెలిగి ఆరేది. నిద్రలో ఉన్న జంతువు గుండె చాలా నిదానం. ఒక చుక్క వెలగడం చూసి, మళ్ళీ వెలిగేదాకా అక్కడే నిలబడితే చేతిలో కాఫీ చల్లారిపోయేది. ఆ మసక హాల్లో అక్కడొకటి, ఇక్కడొకటి వెలిగి ఆరుతుంటే, మిణుగురులు వాలిన తోటలో నడుస్తున్నట్టుండేది. నేను ఆ కొండమీదికి వెళ్ళింది నా భార్య సుభద్ర పోయిన తర్వాత. రాత్రిళ్ళు నాకు నిద్ర పట్టేది కాదు. ఇంతమంది ఇంత హాయిగా పడుకున్న చోట తిరగడం నాకు బాగుండేది.

ఆ నిద్రిల్లు నెలకొల్పింది భ్రమరాంబ. రాజమహేంద్రవరం కాలేజీలో నా దగ్గర చదువుకుంది. ఎండాకాలమంతా మట్టిలో కదలకుండా పడుకుని, తొలకరికి కళ్ళు తెరిచే కప్పల గురించి నేను ఒక పూట చెప్పిన పాఠాన్ని ఆమె ఏళ్ళ తరబడి వదల్లేదు. ఆ కప్ప ఒంట్లో దొరికిన ఒక పదార్థంతో, వేడి నెత్తురు జంతువులని కూడా అలాగే నిద్రపుచ్చే మందు చేసింది. నిద్రలో ఉన్నంతకాలం వాటికి ఆకలి ఉండదు, ముసలితనం రాదు. ఘాటురోడ్డు మీద లారీ గుద్దిన చిరుతపులి పట్నం ఆసుపత్రికి చేరేలోగా చచ్చిపోకూడదని ఆమె ఉద్దేశం. అందుకే చలి ఎక్కువని లంబసింగి పక్కన ఒక ట్రస్టు ఇచ్చిన పాత కాఫీ గోదాములో పని మొదలుపెట్టింది. మొదటి చిరుత బతికింది. ఆ తర్వాత కొద్దిరోజులకే ఒకాయన కారు వెనకసీట్లో పొమరేనియన్ని కూర్చోబెట్టుకుని వచ్చాడు.

"ఆర్నెల్లు సింగపూరు వెళ్తున్నాం మేడం. ఎక్కడైనా వదిలితే అన్నం మానేస్తుంది. మీ మందిస్తే దానికీ తెలీదు, మాకూ బెంగుండదు."

భ్రమర ఒప్పుకుంది. ఆయన చెప్పిన ప్రకారం తిరిగొచ్చాడు కూడా. కుక్కని ఎత్తుకుని కళ్ళు తుడుచుకోవడం టీవీలో చూపించారు. ఆ తర్వాత కార్లు బారులు తీరాయి. పిల్లకి పరీక్షలు. అద్దెకిచ్చినవాళ్ళు ఒప్పుకోవడం లేదు. కోడలికి బొచ్చు పడదు. కొన్నప్పుడు గుప్పెడే ఉంది, ఇంతవుతుందనుకోలేదు. పారేయడానికి మనసొప్పని వాళ్ళూ, పెంచడానికి ఓపిక చాలని వాళ్ళూ ఎందరున్నారో అప్పుడు తెలిసింది. వాళ్ళందరికీ మేం ఒక సులువు కనిపెట్టి ఇచ్చాం. వెళ్ళేముందు అందరూ పెట్టె మీద చెయ్యివేసి ఒకే మాట అనేవారు, "వచ్చేస్తాం రా" అని. అనేటప్పుడు అబద్ధమని వాళ్ళకీ తెలీదనుకుంటాను.

లేపడంలో ఒక చిక్కుంది. పెట్టెని వెచ్చబెడితే ఊపిరి పెరుగుతుంది, గుండె పుంజుకుంటుంది, కాని ఒక గడప దగ్గర ఆగిపోతుంది. గడప దాటాలంటే ఆ ప్రాణికి రావాలనిపించాలి. నిద్రలో దానికి పనిచేసేది ముక్కొక్కటే. కళ్ళు మూసుకునేటప్పుడు ఏ వాసన దగ్గరుందో ఆ వాసన కోసమే అది మళ్ళీ కళ్ళు తెరుస్తుంది. అందుకని, పెంచిన మనిషి ఒంటిమీది బట్ట ఒకటి దాని ముక్కు దగ్గర పెట్టి, కళ్ళు మూతపడ్డాక పెట్టెకున్న చిన్న అరలో గాలి చొరకుండా దాచేవాళ్ళం.

ఒంటిమీది బట్ట తెమ్మంటే మనవాళ్ళేం తెస్తారు? ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయించి తెచ్చారు. విడిచిన బట్ట పరాయివాళ్ళ చేతిలో ఎలా పెడతాం? ఒకావిడ కొత్త చీర మడత విప్పకుండా, మూలన పసుపు రాసి మరీ తెచ్చింది. మాకూ తోచలేదు. మేమూ అలాంటి ఇళ్ళల్లో పుట్టినవాళ్ళమే. తీరా అలా తెచ్చి, ప్రేమగా తిరిగొచ్చినవాళ్ళ జంతువులు లేవలేదు. పేరు పెట్టి పిలిచేవారు, ఏడ్చేవారు, అద్దం మీద ముద్దుపెట్టుకునేవారు. అవి గడప దాకా వచ్చి వెనక్కి జారిపోయేవి. మందులో లోపమని భ్రమర నిద్రాహారాలు మానేసింది.

సంగతి నాకు నా గదిలోనే తెలిసింది. సుభద్ర పోయిన పదోరోజుకల్లా నా అక్కచెల్లెళ్ళు ఆమె చీరలన్నీ ఉతికించి, కొన్ని పంచిపెట్టి, మిగతావి పెట్టెలో సర్దారు. నా మీద ప్రేమతోనే చేశారు. ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం ఒక చీర తీసి ముఖానికి ఆనించుకున్నాను. నిమ్మకాయ వాసన. సుభద్ర ఏనాడూ వాడని సబ్బు. మంచం మీద అలాగే కూర్చుండిపోయాను. కాసేపటికి లేచి, చీర చేతిలోనే పట్టుకుని ల్యాబ్‌కి నడిచాను.

"భ్రమరా, మనం వీటి దగ్గర పెట్టింది మనుషుల్ని కాదమ్మా" అన్నాను.

ఆమె చీరనీ, నా ముఖాన్నీ చూసింది.  దగ్గర్లో ఉన్న పెట్టె అర తెరిచి, లోపలి బట్టని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు నిలబడింది.

ఆ తర్వాత, అవి ఎదురుచూసేది సబ్బు వాసన కోసమని తెలిసి, అవే సబ్బులు తెప్పించి కొన్నిటిని లేపగలిగాం. ఒక బొచ్చుకుక్క లేచి, ఎదురుగా చేతులు చాచిన యజమానిని వదిలేసి, ఆయన సంచిలోని ఇస్త్రీ చొక్కా చుట్టూ చుట్టుకుని పడుకుంది. ఆయన పకపకా నవ్వి, నవ్వుతూనే ఏడ్చాడు. ఇంకో సంగతి కూడా తేలింది. గేటు దగ్గర హడావుడిగా దింపేసి, చేతికందిన మాసిన బట్ట విసిరేసి పోయినవాళ్ళ జంతువులు ఎప్పుడంటే అప్పుడు లేస్తాయి. వాటి దగ్గర నిజమైన వాసన ఉంది. వాటి కోసం వచ్చేవాళ్ళే లేరు.

అలాంటివాటిలో బెల్లం ఒకటి. బెల్లం రంగు ఊరకుక్క. ఎడమ చెవి చివర తెగి ఉండేది. అరలో పాతచీరలతో కుట్టిన చిన్న బొంత. అనకాపల్లి నుంచి వచ్చిందనీ, తెచ్చినాయన పేరూ ఫోను నంబరూ మాత్రం తెలుసు.

యంత్రాలు పాతబడ్డాయి, ఈ చలికాలం దాటితే నడపలేమని ట్రస్టు తేల్చి చెప్పింది. కావలసినవాళ్ళు వచ్చి లేపించుకోవచ్చు. అక్కర్లేదని సంతకం పెట్టినవాళ్ళ జంతువుని ఆపేస్తాం. ఆపడమంటే నొప్పేమీ ఉండదు, చుక్క వెలగడం మానేస్తుంది, అంతే. ఫోన్లు చేసే పని నేను తీసుకున్నాను.

"గోవర్ధన్ గారేనా? లంబసింగి నుంచి. బెల్లం గురించి మాట్లాడదామని."

"సెప్పండి బాబూ. దిమ్మలు కావాలా, అచ్చులు కావాలా?"

"కుక్కండీ. మీ ఇంటి కుక్క."

అవతల కాటా గొలుసుల చప్పుడు ఆగింది. ఎవరినో "ఉండండెహె" అన్నాడు.

"అదింకా ఉన్నాదా?"

"పడుకునుంది."

"అది మా యమ్మ సన్యాసమ్మదండి. అమ్మ పోయి చాన్నాళ్ళైపోనాది." యంత్రాల సంగతీ, సంతకం సంగతీ నేను చెప్పగానే అడిగాడు, "సంతకం ఫోన్లో అవదేటి?"

"అవదండీ. వస్తువులు కూడా మీకు అప్పగించాలి."

"వస్తువులేటుంటాయండీ దానికి" అని గొణుక్కుని, వస్తానన్నాడు.

ఆయన వచ్చిన రోజు ఎండ బాగా కాసింది. వలిసె నూనెగింజల చేలు ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. తెల్లచొక్కా, నుదుట కుంకుమ, యాభై దాటిన మనిషి. కారు దిగుతూనే ఒక బుట్టెడు బెల్లం అచ్చులు చిలకమ్మ చేతిలో పెట్టాడు. భ్రమర లోపల పనిలో ఉంది. నేను ఆయన్ని నా గదికి తీసుకెళ్ళి అన్నం పెట్టాను.

"మాస్టారు ఒక్కరేనేటి?"

"ఒక్కణ్ణే."

"ఒండుకోడం కూడానా?" పప్పు కలుపుకుని ఒక ముద్ద తిన్నాడు. చుట్టూ చూశాడు. "ఏటీ అనుకోకండి. ఉప్పు మర్సిపోనారు."

"రోజూ మరిచిపోతానండీ. ఇక్కడ చెప్పేవాళ్ళు లేరు."

ఆయన నవ్వి, లేచి, తనే ఉప్పుడబ్బా వెతికి తెచ్చి నా కంచంలో కూడా వేశాడు. కొత్తవాళ్ళింట్లో అంత చనువు తీసుకునే మనుషులు నాకు ఇష్టం.

"నాకూ మా యమ్మే సెప్పీదండి" అన్నాడు. "ఉప్పు తక్కువైందనీ, నాను లావైపోనాననీ. కుక్కని తెచ్చింది కూడా అదే. పాకం పొయ్యికాడ సెవి తెగి పడున్న పిల్లని కొంగులో ఏసుకొచ్చీసింది. మా యావిడకి కుక్కంటే పడదు. అమ్మ ఇన్నాదా? 'అయితే నాను దీంతోపాటు వరండాలో తొంగుంతాను' అనీసింది. అన్నట్టే తొంగుంది."

"మరి ఇక్కడికి?"

"అమ్మ జారిపడి తుంటి ఇరిగింది కదండి. ఇశాఖపట్నం ఆస్పత్రిలో పెట్టీసాం. ఇది గేటుకాడ కూకుని ఒకటే ఏడుపు. వీధిలో వోలంతా తిట్టడం. టీవీలో మీది చూపించినారు. నాలుగు దినాలేగదా అనుకున్నాను. దీన్ని ఏసుకుని, అమ్మ మంచం మీద ఏదందితే అది లాక్కుని వచ్చీసాను." మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు. "అమ్మ తిరిగి రానేదు. మరి దీన్నెందుకు తీసుకెల్తాం? నిజం సెప్తున్నాను మాస్టారూ, మర్సిపోనాను. అది బాధపడదని మీవోలే సెప్పినారు కదా."

నేను తల ఊపాను. మేం నిజంగానే అలా చెప్పేవాళ్ళం.

హాల్లోకి వెళ్ళేసరికి భ్రమర బెల్లం పెట్టె పక్కన నిలబడి ఉంది. ఆయన చుట్టూ ఉన్న వరసల్ని చూసి చెప్పులు విప్పేశాడు. ఎవరూ చెప్పలేదు. అద్దంలోకి వంగి చూశాడు.

"అలాగే ఉన్నాదేటి! నా జుత్తంతా నెరిసిపోనాది. సంతకం ఎక్కడమ్మా?"

"ముందు వస్తువు తీసుకోండి" అని భ్రమర అర తాళం తీసింది.

చలిలో గాలి చొరకుండా మూసి ఉంచిన అర అది. బొంత బయటికి రాగానే నాకే తెలిసింది. చుట్టపొగ, ఆముదం, కాగిన చెరకుపాకం, వాటి కింద ఎక్కడో ఒక ముసలమ్మ ఒంటి వెచ్చదనం. ఇన్నేళ్ళుగా ల్యాబ్ మందుల వాసన తప్ప ఎరగని ఆ హాల్లోకి ఎవరో వరండా మెట్లెక్కి వచ్చినట్టయింది.

గోవర్ధన్ ముఖంలో ఏం జరిగిందో నేను సరిగ్గా చెప్పలేను. బొంత అందుకున్నాడు.  పెట్టెలకి చేరగిలి నేలమీద కూర్చున్నాడు.

"అడ్డపొగ తాగీదండి" అన్నాడు. "నిప్పు నోట్లో పెట్టుకుని. సచ్చిపోతావే అని తిట్టీవోణ్ణి." బొంతని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. "ఇంట్లో ఏదీ ఇలా లేదండి. అన్నీ సాకలికేసీసాం. మంచం కూడా కడిగీసాం. ఫొటో ఉన్నాది. రోజూ దండేస్తాను. కానీ ఇది..."

 చిలకమ్మ చీపురు గోడకి ఆనించి బయటికి వెళ్ళిపోయింది.

కాసేపటికి ఆయన లేచాడు. బొంతని చంకలో భద్రంగా పెట్టుకున్నాడు. "నాను దీన్ని ఓ సీసాలోనో, డబ్బాలోనో బిగించి దాస్తాను. సంతకం పెట్టీసి ఎల్తానమ్మా."

భ్రమర ఆయనకి నిదానంగా చెప్పింది. ఆ బొంత ఉంటేనే కుక్క లేస్తుంది. దాన్ని ఆవిరిపెట్టెలో పెట్టి, అందులోని వాసననంతా ఒక్కసారిగా కుక్క ముక్కుకి అందించాలి. అప్పుడది లేస్తుంది. ఆ తర్వాత బొంతలో ఏమీ మిగలదు, తడిగుడ్డ తప్ప. బొంత ఆయన తీసుకెళ్తే కుక్క ఇక ఎప్పటికీ లేవదు.

వ్యాపారం చేసిన మనిషి కదా, వెంటనే అన్నాడు, "కోసీసి సగం సగం సేద్దారి."

"సగం వాసనకి సగమే లేస్తుందండీ. అక్కణ్ణించి ముందుకీ రాలేదు, వెనక్కీ పోలేదు. ఒక పిల్లికి మేం అలా చేశాం."  నేను ఆ రోజు పక్కనే ఉన్నాను.

"పోనీ ఇలాటి వాసన మీరు తయారుసెయ్యలేరేటి?"

"మనిషిని తయారుచెయ్యాలండీ అందుకు."

ఆయన నా వైపు చూశాడు. నాకు నిమ్మకాయ వాసన గుర్తొస్తోంది. ఈ భూమ్మీద సుభద్ర వాసన ఉన్న గుడ్డ ఒక్కటి, ఏ పెట్టె అడుగునో దొరికితే, దాన్ని ఒక కుక్క కోసం ఇమ్మంటే నేనేం చేస్తాను?

"వదిలెయ్ భ్రమరా" అన్నాను. "తీసుకెళ్ళనీ. పడుకున్నదానికి బాధేముంది?"

"మీరా మాస్టారూ ఆ మాటనేది?" ఆమె గొంతు పెంచలేదు. "ఆ మాట చెప్పే కదా ఇన్నిటిని ఇక్కడ చేర్చాను. బాధ లేదు, బాధ లేదని. బాధ లేకపోవడం ఒక్కటే ఇచ్చాను వీటికి. ఒక పూట ఎండ ఇవ్వలేదు, ఒక ముద్ద ఇవ్వలేదు. ఆయనకి వాళ్ళమ్మ మాటలున్నాయి, ఇల్లుంది. దీనికి ఆ గుడ్డ కాక ఇంకేముంది?"

 గోవర్ధన్ తల వంచుకుని నిలబడ్డాడు. అలా వంచుకున్నప్పుడే చూశాడు.

"అదేటండీ, ఈ దీపం ఇలా కొట్టుకుంతంది?"

బెల్లం చుక్క వెలిగింది. ఆరింది. వెంటనే మళ్ళీ వెలిగింది. నేను ఆ హాల్లో ఎన్నడూ చూడనంత తొందరగా.

"అర తెరిచే ఉంది" అంది భ్రమర. "వాసన తగిలింది."

ఆయన చంకలోని బొంతని గట్టిగా పట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. గుమ్మం దాకా వెళ్ళాడు. చుక్క నిదానించింది, మా కాఫీలు చల్లారేంత నిదానం. మళ్ళీ దగ్గరకొచ్చాడు. చుక్క తడబడుతూ పరుగందుకుంది. చిన్నపిల్లాడు స్విచ్చి వేసి తీసినట్టు ఆయన అలా గుమ్మానికీ పెట్టెకీ మధ్య తిరిగాడు. నేనూ భ్రమరా చూస్తున్నాం. కిటికీలోంచి పడే ఎండలో ఆయన తెల్లచొక్కా వెలిగి, నీడలో ఆరుతోంది. ఎంతసేపు తిరిగాడో తెలీదు. చివరికి పెట్టె దగ్గరే ఆగాడు.

"నానొచ్చినానని తెలుస్తందేటి దానికి?"

"మీరని కాదండీ. ఆవిడొచ్చిందనుకుంటోంది."

ఆయన అద్దం మీద చెయ్యి పెట్టాడు.

"ఆస్పత్రిలో రోజూ అడిగీది" అన్నాడు. "తను ముద్ద ముట్టీది కాదు. 'బెల్లం తిన్నాదేట్రా?' అనీది. తిన్నాదే, నీ మంచం కింద తొంగున్నాది అనీవోణ్ణి. 'సలిలో ఉంచకురా దాన్ని' అనీది. ఉంచనే అనీవోణ్ణి." హాలు నిండా ఉన్న చలిని అప్పుడే గమనించినట్టు చుట్టూ చూశాడు. "ఎంతసేపు పడతాదమ్మా లేపడానికి?"

భ్రమర వెంటనే సంతోషపడలేదు. "లేచాక ఎవరు చూస్తారు? లేపి మళ్ళీ ఏ గేటు దగ్గరో వదిలేట్టయితే నేను లేపను. పడుకున్నదానికి తెలీదు. లేచినదానికి తెలుస్తుంది."

"మా యావిడకి పడదు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. "గోదాంలో ఉంచుతాను."

"గోదాంలోనా?"

"నాను పొద్దస్తమానం ఉండీది గోదాంలోనే కదమ్మా. నాకాడే ఉంతాది. రాత్రి నాతో వరండాలో ఉంతాది. నాకూ ఇంట్లో గురకని తిడతారు."

భ్రమర పెదవుల మీద నవ్వులాంటిది కదిలింది. ఆవిరిపెట్టె మీట వేసి, బొంత కోసం చెయ్యి చాచింది.

"ఒక్కసారి" అన్నాడాయన.

రెండు చేతుల్తో బొంతని ముఖానికి పెట్టుకున్నాడు. భ్రమర కిటికీ వైపు తిరిగింది. నేను కూడా తిరగవలసింది, తిరగలేకపోయాను. ఆయన భుజాలు ఒకసారి పైకి లేచాయి. అంతే. ముఖం తీసేశాడు. ఇంకాసేపు ఉంచుకోండి అని నేనే అన్నాను.

"వద్దండి. నాను ఎక్కువ పీల్చీకూడదు. దానికి తక్కువైపోతాది."

నేను చదివిన శాస్త్రం ప్రకారం ఒక మనిషి శ్వాసకి తరిగిపోయే వాసన లెక్కలోకి రాదు. ఆ మాట ఆయనకి చెప్పలేదు.

ఆవిరి సన్నటి గొట్టంలోంచి పెట్టెలోకి వెళ్ళింది. అద్దం మసకబారింది. చుక్క వేగం పెరిగి పెరిగి, ఇక వెలగడానికీ ఆరడానికీ తేడా తెలీకుండా పోయింది. మసక వెనకాల ముందు ముక్కు కదిలింది. తర్వాత తెగిన చెవి. తర్వాత, నిద్రలో కలగన్నట్టు, నాలుగు కాళ్ళూ గాల్లో పరుగెత్తాయి. ఎక్కడికో చాలా దూరం నుంచి, ఎవరో పిలిచిన వైపు వస్తున్నట్టు. భ్రమర మూత ఎత్తింది.

బెల్లం లేచి కూర్చుంది. తుమ్మింది. ఆనందంతో తోక పెట్టె గోడలకి కొట్టుకుంటోంది. ఎదురుగా నిలబడ్డ మా ముగ్గురినీ చూసింది. తోక నెమ్మదించింది. కిందికి దూకి, తడబడే కాళ్ళతో ముందు బొంత దగ్గరికి వెళ్ళింది. ఆవిరిపెట్టె పక్కన నీళ్ళు కారుతూ పడున్న ఆ గుడ్డని ఒకసారి వాసన చూసి వదిలేసింది. భ్రమర చీర అంచు చూసింది. నా పాదాలు చూసింది. గోవర్ధన్ మోకాళ్ళమీద కూర్చుని చేతులు చాచాడు. అరచేతులు, మోచేతులు, మెడ, చెవివెనక, అన్నీ ఓపిగ్గా వెతికింది. ఆయన కళ్ళు మూసుకుని కదలకుండా ఉన్నాడు. తనలో ఎక్కడైనా దొరుకుతుందేమోనని ఆయన కూడా ఆశపడుతున్నాడని నాకనిపించింది. దొరకలేదు. అది ఆయన్ని వదిలేసి, హాలు దాటి, తెరిచి ఉన్న గుమ్మంలో కూర్చుంది. లోయవైపు, కార్లొచ్చే దారివైపు చూస్తూ.

"రాదే" అన్నాడాయన వెనకనుంచి. "అమ్మ రాదే, బెల్లం."

అది చెవి ఒకసారి ఇటు తిప్పి మళ్ళీ అటు తిప్పుకుంది.

భ్రమర గోడకి ఆనుకుని నేలమీద కూర్చుండిపోయింది. ఇన్ని పెట్టెలు కట్టిన చేతులు ఒళ్ళో వాలి ఉన్నాయి. "లేపి తప్పు చేశామా మాస్టారూ?" అంది. తెలీదన్నాను. ఎండ పచ్చటి వలిసె చేల మీదినుంచి గుమ్మం దాకా వచ్చి, ఆ కుక్క ముందరి కాళ్ళ మీద పడుతోంది. ఎన్నో ఏళ్ళ తర్వాత దాని ఒంటిమీద పడిన మొదటి ఎండ. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను.

గోవర్ధన్ వెళ్ళి దాని పక్కన గుమ్మంలో కూర్చున్నాడు. పిలవలేదు, ముట్టుకోలేదు. తను కూడా దారివైపు చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రం గాలి మొదలైంది. శీతనిద్ర నుంచి లేచిన జంతువులన్నీ వణుకుతాయి. లోపలి చలి బయటికి రావడానికి సమయం పడుతుంది. బెల్లానికి కూడా వణుకు పట్టుకుంది. పళ్ళు టకటకలాడుతున్నాయి. అయినా అది దారిమీంచి చూపు మరల్చలేదు. చిలకమ్మ తెచ్చి కప్పిన గోనెపట్టా విదిలించేసింది. చివరికి నిలవలేక వెనక్కి జరిగి, వెచ్చగా ఏది తగిలితే దాని మీద వాలింది. తగిలింది గోవర్ధన్ కుడిపాదం. చుట్టచుట్టుకుని, గడ్డం ఆ పాదం మీద ఆనించి, కళ్ళు మాత్రం దారివైపే పెట్టి పడుకుంది.

ఆయన జేబులో ఫోను మోగింది. తీయాలంటే ఒరగాలి. తీయలేదు. మోగి మోగి ఆగింది. చిలకమ్మ టీ తెచ్చి చెయ్యి అందనంత దూరంలో పెట్టి వెళ్ళింది. ఆయన దాన్ని చూసి ఊరుకున్నాడు. నేను దగ్గరికెళ్ళి గ్లాసు అందించాను.

"ఎంతసేపు ఇలా వణుకుతాది మాస్టారూ?" అన్నాడు, పెదవులు కదిలీ కదలకుండా.

"చీకటి పడేదాకా పట్టొచ్చు. ఒక్కోసారి తెల్లారేదాకా. కాలు తిమ్మిరెక్కితే నేను కూర్చుంటాను."

ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత, దానికి తెలీనంత మెల్లగా, ఎడమకాలు కూడా దాని వీపు పక్కకి జరిపాడు.